మా బావ చెయ్యి కాలిన క్రిస్మస్

ఆ ఏడు క్రిస్మస్‌కు పన్నెండు దినాల ముందుగాల మా అక్క చెవుల దూది పెట్టుకొని తల్లిగారింటికి వచ్చింది. ఒక చేతుల రేకు పెట్టె, ఇంకో చెయ్యి ఎడమ చెవి మీద. తలుపు తీసింది నేనే. "ఏందక్కా, పండుగకు దూది కావాలంటే నేను కొనుక్కస్త కదా, చెవుల పెట్టుకొని తెచ్చినవెందుకు" అన్న. పశువుల పాక బొమ్మ కట్టి దాని మీద మంచు లెక్క దూది పరుచుడు మా ఇంట్ల ఏటా ఉన్నదే, అందుకన్న మాట అది. అక్క నవ్వలే. ఆమెకు వినబడలే. నేను నిలబడ్డది ఎడమ దిక్కు.

అప్పటికి నాకు పందొమ్మిదేండ్లు. ఎనిమిదో తరగతిల బడి బందు వెట్టిన. లెక్కల సారు నా ఈపు మీద కొడితే కట్టె ఇరిగింది. "సార్, పది కట్టెలల్ల ఒకటి ఇరిగితే ఎన్ని మిగుల్తయి" అని అడిగిన. ఆయన మా బాపును పిలిపిచ్చిండు. మిగిలిన లెక్క మా బాపు బడి వరండలనే చేసి చూపెట్టిండు. బడిల నేర్చుకున్నయన్ని మరిచిపోయిన గని ఆ లెక్క ఇంకా ఈపుకు యాదికున్నది.

మాది గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్. ఒక అర్ర, ఒక వంటిల్లు, ముంగట రేకుల షెడ్డు. బాపు బొగ్గుబాయిల తట్టలతోని టబ్బులు నింపే ఫిల్లర్. బాయిల దిగేటప్పుడు తలమీది లైటుకు బ్యాటరీ కావాలె కదా, ఆ బ్యాటరీ నడుముకు కట్టుకునే తోలు బెల్టు ఒకటుంటది. పాతదైతే బాయి మీద పారేస్తరు. మా బాపు పారెయ్యలే, ఇంటికి తెచ్చి మేకుకు తగిలేసిండు. మా ఇంట్ల దెబ్బలకు సుత షిఫ్టులుండేటియి. బాపుది బెల్టు షిఫ్టు, అవ్వది గంటె షిఫ్టు. నాది నోటి షిఫ్టు, అది మాత్రం మూడు షిఫ్టులు నడిచేది.

అక్కకు పెండ్లయి మూడేండ్లు. బావది సుత బొగ్గుబాయిలనే డ్యూటీ, పర్మినెంటు నౌకరి. అప్పట్ల మా క్వార్టర్ల లైన్ల ఇంటింటికి ఇద్దరు ముగ్గురు మొగపిల్లలు నౌకరి లేక గోడల మీద కూసునేటోళ్ళు. అసొంటి రోజులల్ల నౌకరి ఉన్న అల్లుడు దొరికిండని మా బాపు ఛాతి రెండు ఇంచులు ముందుకొచ్చింది. అల్లుడు బిడ్డను కొడ్తడని తెలిసినంక సుత ఆ రెండు ఇంచులు ఎనుకకు పోలే.

చెవి ఎట్ల చెడిందో అక్క అవ్వకు చెప్పింది. బావ డ్యూటీ నుంచి వచ్చి కూర సల్లగున్నదన్నడట. వేడి చేస్త ఆగుమన్నదట. మూడు గిన్నెల టిఫిన్ డబ్బ, నిండా అన్నం మిగిలి ఉన్నది, అట్లనే ఎత్తి చెంప మీద కొట్టిండట. చెవులకెల్లి నెత్తురొచ్చింది. దవాఖానల డాక్టరు లైటు వేసి చూసి, లోపలి పొర చినిగింది, ఆ చెవి మీద ఇంక ఆశ పెట్టుకోకుమన్నడు.

బాపు అంతా విన్నడు. చాయ తాగిండు. "పండుగ కానియ్యి. పండుగ తెల్లారి నేనే తీస్కపోయి దింపుత" అన్నడు.

"నేను పోనే బాపు" అన్నది అక్క. "ఇంకో చెవి ఉన్నదని పొమ్మంటవా."

"పోక? నౌకరోన్ని ఇడిసిపెట్టి కూసుంటవా? ఊళ్ళె తల ఎట్ల ఎత్తుకోవాలె."

ఆ దినం నుంచి మా ఇంట్ల పండుగ అంటే యేసయ్య పుట్టే దినం కాదు. అక్కను పంపే దినానికి ముందటి దినం. లైనంత పండుగ ఎప్పుడొస్తదా అని చూస్తుంటే మేం అది రాకుండ ఎట్ల ఆపాల్నా అని చూసినం.

మా అవ్వ పుట్టింటి నుంచే చర్చికి పోయేది. బాపు ఏడాదికి రెండుసార్లు వచ్చి ఎనుక బెంచీల నిద్రపోయేది. పండుగకు ఇంటి ముంగట తగిలేసే కాయితపు చుక్క కట్టుడు మాత్రం మా అక్క పని. బజార్ల తయారు చుక్కలు అమ్ముతరు గని మా ఇంట్ల ఎప్పుడు కొనలే. బుట్టలల్లేటోళ్ళ కాడ వెదురు పుల్లలు తెచ్చుడు, గాలిపటం కాయితాలు తెచ్చుడు, మైదా ఉడకబెట్టి బంక చేసుడు. కట్టేది దారంతోని కాదు. బాయిల బొగ్గు పేల్చినంక రంగు రంగుల సన్న వైరు ముక్కలు మిగుల్తయి, ఎర్రయి, పసుపువి, ఫిల్లర్లు ఏరుకొని ఇంటికి తెస్తరు. మా కాడ ఆడోళ్ళు వాటితోని బుట్టలల్లుతరు, జడలకు కట్టుకుంటరు. మేం చుక్కకు కట్టేది. బాంబు పేలిన వైరుతోని శాంతి చుక్క కట్టే ఊరు మాది తప్ప ఇంకోటి ఉన్నదో లేదో నాకు ఎరుకలేదు.

ఏటా ఐదు కొమ్ముల చుక్క కడితే ఆ ఏడు అక్క ఏడు కొమ్ములు మొదలువెట్టింది. "ఐదు చాలదా" అంటే "ఏడు కానియ్యి" అన్నది. పని పెద్దగైతే దినాలు పెద్దగైతయన్నట్టు. రోజుకొక కొమ్ము కట్టింది. నేను ఆమె కుడి దిక్కే కూసొని కాయితం కత్తిరించుకుంట నోరు నడిపించేది. "అక్కా, ఇంక వంద కొమ్ములు పెడితే ఉగాది దాకా ఉండొచ్చు." అప్పుడొకసారి నవ్వింది. నవ్వితే చెవి గుంజిందట, మళ్ళ మూతి ముడిచింది.

పండుగకు ఐదు దినాలున్నదనంగ బావ వచ్చిండు. పొద్దటిపూట, డ్యూటీ లేని దినం, కొద్దిగ తాగి. బాపు కుర్చీ వేసిండు. మా ఇంట్ల ఒకటే కుర్చీ, అది అల్లునికే.

మరదలు బావను పరాచికమాడొచ్చు. మా దిక్కు అది మరదలి హక్కు. బావ కోపానికొస్తే నలుగురు నవ్వుతరు. అందుకని ఇంట్ల ఎవ్వరనలేని మాటలు నేను నవ్వుకుంట అనేది.

"బావా, అక్కను కొట్టుడుకు సుత కంపెనీ ఓవర్‌టైం ఇస్తదా" అన్న.

గుమ్మంల నిలబడ్డ పక్కింటోళ్ళు సుత నవ్విండ్రు. బావ నవ్విండు. "దీని నోరు చూడుండ్రి" అనుకుంట లేచిండు, నా జడ పట్టుకొని చేతికి రెండు చుట్లు చుట్టుకొని గుంజిండు. నవ్వుకుంటనే గుంజిండు. నా మెడ ఎనుకకు ఇరిగినట్టయింది. ఇడిసిపెట్టేసరికి పిడికిట్ల వెంట్రుకలు కుచ్చు ఊడి ఉన్నయి, కుదుళ్ళకు నెత్తురున్నది. ఇంకా అందరు నవ్వుతనే ఉన్నరు. బావ మరదళ్ళ పరాచికం కదా, ఎవ్వరు మధ్యల రారు. ఆ హక్కు నా ఒక్కదానిదే కాదని ఆ దినం తెలిసింది.

పోయేటప్పుడు బావ కింద ఆరబెట్టిన చుక్క మీదికెల్లి నడిచిండు. పక్కకు జరిగి పోవడానికి జాగున్నది. మూడు కొమ్ములు పటపట ఇరిగినయి.

అక్క "నేను కట్టింది తొక్కినవు" అన్నది. అంతే అన్నది. మొగని ఎదురుంగ నోరు లేపినవని బాపు లేచి ఆమె కుడి చెంప మీద కొట్టిండు. రెండోసారి ఎత్తేసరికి అవ్వ చెయ్యి పట్టుకున్నది.

"అటు దిక్కు కొట్టకు. ఆ చెవన్న ఉండనియ్యి" అన్నది.

బాపు ఒక నిమిషం నిలబడ్డడు. తర్వాత అటు దిక్కు కాదని ఈపు మీద కొట్టిండు.

ఇరిగిన కొమ్ములు అక్క మళ్ళ కట్టింది. చుక్క షెడ్డు కొసకు తగిలేసినం. నీలగిరి కొమ్మ తెచ్చి డబ్బల పాతి చెట్టు చేసినం. పాక మీద దూది పరిచినం. తెల్లారేసరికి ఆ దూది నల్లగయింది. బొగ్గు దుమ్ము. వేరే దేశంల మంచు తెల్లగ పడ్తదట, మాకు నల్లగ పడ్తది. రోజు పొద్దుగాల లేచి దులిపేది.

పండుగకు రెండు దినాల ముందు బిస్కెట్లు కాల్పియ్యడానికి పోయినం. బజార్ల సందుల ఒక ముసలి సాబ్‌ది బిస్కెట్ల బట్టి ఉండేది. మైదా, చక్కెర, డాల్డా, గుడ్లు, ఇలాచి మనం తీస్కపోవాలె. బట్టి, ట్రేలు, కాల్చే మనిషి ఆయనయి. రంజాన్‌కు తురకోళ్ళు, ఎండకాలం సెలవులకు అందరు, క్రిస్మస్‌కు మేము. ఆ రెండు మూడు దినాలు ఆడోళ్ళు గిన్నెలు చంకల పెట్టుకొని పొద్దటి నుంచి లైన్ల నిలబడుడే. ట్రేలన్ని ఒక్క తీరుగుంటయి, అందుకని ఎవరి బిస్కెట్ల మీద వాళ్ళు గుర్తు పెట్టుకోవాలె. కొందరు జీడిపప్పు పలుకు గుచ్చుతరు, కొందరు వేలితోని నొక్కుతరు. మాది కొత్త దువ్వెనతోని అడ్డం నిలువు గీతలు. గుర్తులు కలిసిపోయి ఏటా ఇద్దరన్న కొప్పులు పట్టుకొని కొట్లాడేటోళ్ళు. ఆ ఏడు మొగోడు వచ్చి ఆ పని చేసిండు.

మధ్యాహ్నం దాటింది. బట్టి మూతి కాడ అక్క, నేను గోనెగుడ్డలు పట్టుకొని నిలబడ్డం. కాల్చే మనిషి పొడుగు కడ్డీతోని ట్రేలు గుంజి ఇనుప స్టాండు మీద పెట్టేది, ఎవరిది వాళ్ళు గుడ్డతోని పట్టుకొని బల్ల మీదికి తీస్కపోవాలె. అక్క నిప్పు దిక్కు మొకం పెట్టింది. ఎడమ దిక్కు సందు.

బావ ఆ సందులకెల్లి వచ్చిండు. రెండో షిఫ్టుకు పోతున్నడు, డ్యూటీ బట్టలు, కింద ఇనుప మొన బూట్లు, చేతుల టిఫిన్ డబ్బ. ఎవరో చెప్పినట్టున్నరు మేం ఇక్కడున్నమని.

"ఇంటికి నడువు" అన్నడు.

అక్క కదలలే.

"నిన్నే. నడువంటున్న."

అక్క బట్టి దిక్కే చూస్తంది. లైన్లున్న ఆడోళ్ళందరికి వినబడ్డది, ఆమెకు వినబడలే. ఆ చెవి చెడగొట్టింది ఆయననే. ఆ చెవులనే అడుగుతుండు.

"బావా, ఆ చెవి రిపేరుకు ఇచ్చినవు కదా, ఇటు దిక్కు వచ్చి అడుగు" అన్న నేను. నాలుకను మడిచి దాచుకోవలసిన మాట. లైన్ల ఎవరో కిసుక్కుమన్నరు.

మూడోసారి ఆయన అడగలే. ఎనుకకెల్లి అక్క కొప్పు పట్టుకొని గుంజిండు. అక్క ఎల్లెల్కల పడ్డది. తల బట్టి ఇటుకలకు తాకిన చప్పుడు వినబడ్డది. లేవనియ్యకుండ బూటుతోని డొక్కల తన్నిండు, ఒకటి, ఇంకోటి. నేను మీదవడి మెడ పట్టుకున్న. మోచెయ్యితోని ఒక్కటిచ్చిండు, నా కింది పెదవి పన్ను మీద పడి చీలింది. ఇప్పటికి సుత నవ్వితే ఆ గాటు పక్కకు పోతది. సాబ్ గల్లా కాడికెల్లి "అరే, క్యా కర్‌రా రే" అని లేచిండు గని డెబ్బై ఏండ్ల మనిషి, లేచేసరికే దమ్ము వచ్చింది.

అక్క గోడ పట్టుకొని లేచింది. చేతులల్ల గోనెగుడ్డ ఇంకా ఉన్నది. స్టాండు మీద అప్పుడే తీసి పెట్టిన ట్రే ఉన్నది, రేకు ఇంకా టిక్కు టిక్కుమంటుంది. బావ చెంప మీద కొడదామని కుడి చెయ్యి ఎత్తిండు. అక్క ట్రే ఎత్తి మొకానికి అడ్డం పెట్టుకున్నది. ఆయన అరచెయ్యి ఊపుగ వచ్చి ట్రే అడుగుకు తాకింది.

అక్కడికే ఆగితే అది ఆయన చేసుకున్నదే అయ్యేది. అక్క ఆగలే. ట్రేతోని ఆ చేతిని అట్లనే ఎనుకకు నూకి గోడకు ఆనిచ్చి నొక్కింది. బిస్కెట్లన్ని కింద రాలినయి. ఆయన ఎడమ చేతితోని ఆమె నెత్తి మీద గుద్దుతున్నడు, ఆమె నొక్కుతనే ఉన్నది. ఇలాచి వాసనల ఇంకో వాసన కలిసింది. బావ ఒర్రిండు. దెబ్బలు తినేటోళ్ళు ఒర్రుడు నేను బాగ విన్న, కొట్టేటోడు ఒర్రంగ వినుడు అదే మొదలు.

సాబ్ వచ్చి అక్క భుజం మీద చెయ్యి వేసిండు. "ఛోడ్ దే బేటీ. పక్ గయా" అన్నడు. కాలింది ఇంక, వదిలెయ్యి బిడ్డా అని. బిస్కెట్లకు ఎట్లంటడో అట్లనే అన్నడు.

అక్క వదిలింది. బావ చెయ్యి చంకల పెట్టుకొని వంగి నడుచుకుంట సందు దాటిండు. టిఫిన్ డబ్బ అక్కడనే పడిపోయింది.

అక్క కింద కూసొని బిస్కెట్లు ఏరుడు మొదలువెట్టింది. నేను సుత నెత్తురు ఉమ్మి ఏరిన. నాలుగు ఏరినంక చూస్తే వాటి మీద మా దువ్వెన గీతలు లేవు. జీడిపప్పు పలుకులున్నయి. ఆ ట్రే మాది కాదు, మా ఎనుక నిలబడ్డ అక్కది. మా ట్రే ఇంకా బట్టిలనే ఉన్నది.

"మీది పాడు చేసినం అక్కా, మాయి తీసుకో" అన్నది మా అక్క ఆమెతోని.

ఆ అక్క కొంగుతోని మా అక్క నొసలు తుడిచింది. "ఏ, ఉండనియ్యి. మా ఇంటాయనకు సుత ఒక ట్రే తీసిపెడుత" అన్నది. లైనంత ఒక్కసారి నవ్వింది. చాలమంది నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నరు.

ఇంటికి పోయేసరికి బాపుకు కబురు చేరింది. మొదటి షిఫ్టు దిగి వచ్చి తలుపు కాడ నిలబడ్డడు, మేకుకు బెల్టు లేదు.

"నౌకరోని చెయ్యి కాలుస్తవా. రేపు ఆ చెయ్యి పనికిరాకపోతే బాయిలకెల్లి ఎల్లగొడ్తరు. నౌకరి పోతే నిన్నెవడు సాదాలె" అనుకుంట కొట్టిండు. ఒక్క మాటకు ఒక్క దెబ్బ. బెల్టు చివరి ఇనుప కొక్కెం అక్క భుజం మీద గుంతలు వేసింది. నేను అడ్డం పోతే నాకు పడ్డది. అవ్వ అడ్డం వస్తే కొక్కెం ఆమె కనుబొమ్మ మీద తాకి చీలింది. అవ్వ మొకం నిండ నెత్తురు చూసి బాపు ఆగిండు. ఆగి, నీళ్ళు తాగి, "పోలీసులొస్తే ఏం చెప్తరో మీరే చెప్పుకోండ్రి" అని బయటికి పోయిండు. అవ్వ కనుబొమ్మ మీద చాయపత్తా అద్దుకొని, మిగిలిన పిండితోని రొట్టెలు చేసింది. మేం తిన్నం. నేను వాచిన పెదవి పక్కకెల్లి తునకలు తునకలు పెట్టుకున్న.

పోలీసులు రాలే. తెల్లారి పొద్దుగాల పక్క క్వార్టర్ కాక వచ్చిండు. బావ పనిచేసే బాయి మీదనే కాకది డ్యూటీ, లోపటికి పోయేటోళ్ళకు లైట్లు పంచే రూముల.

"మీ అల్లునికి దెబ్బ తాకింది గదనే" అన్నడు బాపుతోని. "నిన్న రెండో షిఫ్టుల హాలర్ బ్రేకు మీద చెయ్యి పడ్డదట. అరచెయ్యి మొత్తం కాలింది పాపం. ఇంజూరీ రాసిండ్రు, నేను సుత సాక్షి సంతకం పెట్టిన."

బొగ్గు టబ్బులను తాడుతోని పైకి గుంజే ఇంజన్ను హాలర్ అంటరు. బావ దాని మీద ఆపరేటరు. బ్రేకు నిజంగనే కాలుతది, అందుకని ఎవ్వరికి అనుమానం రాలే. డ్యూటీల దెబ్బ తాకితే ఇంజూరీ అని రాస్తరు, మానేదాక ఇంట్ల కూసున్నా జీతం వస్తది. ఇంటికాడ తాకితే అది ఉండది. కొందరు ఏం చేస్తరంటే, ఇంటికాడ కట్టెలు కొట్టుకుంట వేలు తెంపుకున్నా గుడ్డ చుట్టుకొని కిక్కురుమనకుండ బాయిల దిగుతరు, దిగినంక ఒర్రుతరు. మా బావ అదే చేసిండు. కాలిన చేతితోని హాజరు వేయించుకొని, దిగి, బ్రేకు కాడ ఒర్రిండు.

కాకకు బట్టి కాడి సంగతి ఇంకా ఎవ్వరు చెప్పలే. కాక పోయినంక బాపు నా దిక్కు వేలు చూపెట్టి, "నీ నోరు మూసుకో. గది అబద్ధమని తెలిస్తే వాని నౌకరి పోతది" అన్నడు. బిడ్డ భుజం మీద గుంతలు చూస్తే రాని భయం ఆ కాయితం మాట వింటే వచ్చింది ఆయనకు.

అక్క నా మొకం చూసింది, బాపు మొకం చూసింది. బట్టలు రేకు పెట్టెల సదురుకుంట మధ్యల ఆగి కూసున్నది.

పండుగ దినం చర్చికి పోయినం. అవ్వ కనుబొమ్మకు పట్టీ, నాకు వాచిన పెదవి, అక్క నొసలు మీద బొప్పి. ముగ్గురం ఒక్క బెంచీల కూసుంటే దవాఖాన వార్డు లెక్క ఉన్నది. శాంతి సమాధానం అని పాస్టరయ్య చెప్తుంటే నేను కింద చూసిన, నవ్వితే పెదవి పగుల్తదని.

మధ్యాహ్నం బావ, వాళ్ళన్న, వాళ్ళ దిక్కు పెద్దమనిషి ఒకాయన వచ్చిండ్రు. బావ చేతికి మోచెయ్యి దాక కట్టు. మా దిక్కు పెద్దమనిషిగ బాపు పక్కింటి కాకనే పిలిచిండు. లైన్ల పంచాయితి అంటే ఎప్పుడు కాకనే, ఆయన తప్ప వేరే మనిషిని పిలువాలనే ఆలోచన సుత బాపుకు రాలే. షెడ్డు కింద మంచాలు వేసినం. అవ్వ పళ్ళెంల బిస్కెట్లు, చాయ పెట్టింది.

బావ వాళ్ళన్న మొదలువెట్టిండు. "మేం పండుగ దినం లొల్లికి రాలే. మా తమ్ముని చెయ్యి కాల్చింది మీ పిల్ల, బట్టి కాడ, యాభై మంది ముంగట. టేషన్ల కాయితం ఇస్తే జైలుకు పోతది. ఇయ్యం. కాళ్ళు మొక్కి ఇప్పుడే మా ఎంబడి నడవాలె. అంతే."

బాపు తల ఊపిండు. కాక చాయ కప్పు కింద పెట్టిండు.

"ఏం కాల్చింది? చెయ్యి కాలింది హాలర్ బ్రేకు మీద కదా?"

బావ వాళ్ళన్న తమ్ముని దిక్కు చూసిండు. ఆయనకు ఇంజూరీ సంగతి చెప్పనట్టున్నడు.

"బావా" అన్న నేను, పెదవి పట్టుకొని. "ఉన్నది ఒక్క కుడి చెయ్యి. బట్టి కాడ ఒకసారి, బాయిల ఒకసారి, రెండుసార్లు కాలిందా?"

"దీని నోరు మూపియ్యుండ్రి" అన్నడు బావ.

కాక లేచి నిలబడ్డడు. మొకం నల్లగయింది. "నాతోని అబద్ధానికి సంతకం పెట్టించినవా? ఇరవై ఆరేండ్ల సర్వీసు నాది. రేపు ఎంక్వైరీ అయితే నీతోపాటు నేను పోవాల్నా? చెప్పు, ఎక్కడ కాలింది."

బావ పండ్లు కొరుకుతున్నడు. మూతి మీద చెమట. "బాయిలనే కాలింది" అన్నడు.

"గట్టిగ చెప్పు. మీ అన్నకు సుత వినబడాలె."

"బాయిలనే."

"అయితే నీ పెండ్లాం కాల్చలే."

"కాల్చలే."

వాళ్ళ పెద్దమనిషి గొంతు సర్దుకున్నడు. "సరే, అట్లయితే తప్పు ఎవరిది లేదు. పిల్లను పంపుండ్రి, మంచిగ బతుకుతరు." మళ్ళ మొదటికొచ్చింది. బాపు మళ్ళ తల ఊపిండు. "లే బిడ్డా, పెట్టె తెచ్చుకో" అన్నడు.

అక్క తలుపు కాడ నిలబడి కుడి చెవి మా దిక్కు తిప్పి అంతా విన్నది. ముందుకొచ్చింది.

"నేను పోను. పట్టుకపోతే, రేపు పొద్దుగాల బాయి మీద ఆఫీసుకు నడుచుకుంట పోత. ఏ గోడకు పెట్టి నొక్కిన్నో చెప్త. నన్ను జైల్ల పెట్టినా మంచిదే. ఆడ మూడు పూటల తిండి ఉంటది, టిఫిన్ డబ్బ ఉండది."

బావ లేచిండు. ఎడమ చెయ్యి అలవాటు లేనిది, అయినా గట్టిగనే కొట్టిండు. అక్క గోడకు పోయి తాకింది. పళ్ళెం ఎగిరి బిస్కెట్లు మంచం కింద చెదిరినయి. రెండోసారి ఎత్తేసరికి కాక నడుము పట్టుకున్నడు, వాళ్ళన్న చెయ్యి పట్టుకున్నడు. బావ కాళ్ళతోని తన్నుతుండు, మంచం పట్టె ఇరిగింది. అక్క మూతి తుడుచుకొని మళ్ళ అదే జాగల వచ్చి నిలబడ్డది. "పోత" అన్నది. "రేపు పొద్దుగాల."

అప్పుడు బాపు లేచిండు. అందరం అక్కనే కొడ్తడనుకున్నం. నేను అడ్డం పోయిన సుత. బాపు నన్ను పక్కకు జరిపి అల్లుని ముంగట నిలబడ్డడు.

"పో అల్లుడా" అన్నడు. "నీ కాళ్ళు మొక్కుత, పో. దీని నోట్లకెల్లి ఆ మాట బయటికొస్తే నీ నౌకరి పోతది. నౌకరి కాపాడుకో. ఇది ఇక్కడనే ఉంటది."

నిజంగనే వంగబోయిండు, వాళ్ళ పెద్దమనిషి పట్టుకున్నడు. బావను ఇద్దరు కలిసి గుంజుకపోయిండ్రు. నా అక్కను మా బాపు కాపాడలే. అల్లుని నౌకరిని కాపాడిండు, ఆ కాపాడుట్ల అక్క మిగిలిపోయింది. బాపు కన్ను మూసేదాక ఈ మాట నేను ఆయనతోని అన్న, ఆయన ఎప్పుడు కాదనలే.

ఎండకాలంల పెద్దమనుషుల ముంగట తెగదెంపుల కాయితం రాసుకున్నరు. అక్క అంగన్‌వాడీల వంట పనికి కుదిరింది. ఆరు నెలలు బావ వచ్చిపోయేది, తాగి, గేటు కాడ నిలబడి తిట్టేది. రెండుసార్లు రాళ్ళు ఏసిండు. ఒకటి అవ్వ మోకాలుకు తాకింది. ఇంజూరీ భయం చేతి కట్టుతోనే పోయింది, ఇంక ఎప్పుడన్న గోడ దూకుతడని మేం ముగ్గురం కత్తిపీట పక్కల పెట్టుకొని పండేది.

అసొంటప్పుడు ఒకసారి కూరగాయల మార్కెట్ల ఒకామె నన్ను ఆపింది. మందమర్రి దిక్కు మనిషి, నాకు ఎరుకలేదు. మెత్తటి గొంతు. "బిడ్డా, మీ పాత బావ మా చెల్లె బిడ్డను పెండ్లికి అడుగుతున్నడు. మనిషి ఎట్లాంటోడు? నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్తవని అన్నరు" అన్నది.

ఆమె చేతుల సొరకాయ ఉన్నది. దాన్నే చూసుకుంట నిలబడ్డ. ఆయన ఇంకో పెండ్లి చేసుకుంటే మా గేటు కాడికి రాడు. మా అక్క రాత్రిపూట పండుకుంటది.

"మంచోడే" అన్న. "పర్మినెంటు నౌకరి."